కడుపునిండా తిన్న తప్పు

"మాలవాడల బక్కమ్మ ఇంట్ల బువ్వ తిన్నడు. నా కండ్లార చూసిన!"

కులపెద్దల ముందు వెంకటరాజం గొంతు చించుకున్నాడు. నల్లగొండ పద్మశాలి గల్లీలో అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా పరమేశ్వర్ వంక తిరిగారు.

మునిసిపాలిటీ ఎన్నికలకు వారం కూడా లేదు. ఆ వార్డుకు నిలబడింది వీళ్లిద్దరే. వెంకటరాజానికి ఇంటి నిండా మగ్గాలు, డాబా ఇల్లు, తాలూకా ఆఫీసుకు పోతే కుర్చీ వేసి కూర్చోబెట్టేంత పలుకుబడి. పరమేశ్వర్‌కు ఉన్నది ఒక్క మగ్గం, ఒక పాత సైకిలు, పట్నంలో చదువుకున్న నాలుగు ముక్కలు. అయినా జనం ఆ సైకిలు వెనకే పోతున్నారు. గల్లీకీ మాలవాడకూ కలిపి ఒకటే నల్లా వేయిస్తాననీ, ఎవరి బిందె ముందు వస్తే వాళ్లే పట్టుకోవాలనీ ఆ పిల్లగాడు చెబుతుంటే చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పుడు చెవిన పడ్డప్పుడల్లా వెంకటరాజానికి కడుపు రగిలిపోయేది. బయటివాళ్ల సంగతి అటుంచితే, సొంత భార్య శారదమ్మే నిన్న అన్నం వడ్డిస్తూ, "పోరడు మాట్లాడితె ఇనబుద్ధయితదయ్యా," అంది. ఆ ముద్ద ఆయన గొంతు దిగలేదు.

అందుకే చీకటి పడకముందే పోయి మాలవాడ మొదట్లో కాపు కాశాడు. పరమేశ్వర్ వంగి బక్కమ్మ గుడిసెలోకి పోవడం చూశాడు. కాసేపటికి మూతి తుడుచుకుంటూ బయటికి రావడం చూశాడు. లోపల ఏం జరిగిందో చూడలేదు గానీ, కుళ్లుబోతు కంటికి గోడలు అడ్డమా?

పెద్దమనిషి రామచంద్రయ్య తీరిగ్గా గొంతు సవరించుకున్నాడు.

"సూడు పోరడా! నీళ్లు తాగినవంటె సూసీ సూడనట్టు వదిలేస్తం. ఓట్లకోసం తిరిగెటోనికి దూపయితది. బువ్వ తిన్ననంటె మాత్రం కులం తప్పు పెట్టాల్సి వస్తది. జర ఆలోచించుకోని చెప్పు."

తప్పించుకోవడానికి అంత వెడల్పు దారి పరిచేసరికి వెంకటరాజానికి ఒళ్లు మండిపోయింది. ఆఖరికి ఈ ముసలాయనకూ వీడే ముద్దయ్యాడా!

"గట్ల బుదరకిచ్చి తప్పిస్తె ఎట్ల రామచంద్రయ్యా? ఒప్పుకోనియ్యి!" అంటూ పరమేశ్వర్ మీదికి వచ్చాడు. "ఏం తిన్నవురా? నలుగుర్ల చెప్పు!"

పరమేశ్వర్ ఒక్క క్షణం తల వంచుకున్నాడు. ఆ తర్వాత చేతులు కట్టుకుని నెమ్మదిగా చెప్పాడు.

"తిన్న మామా. జొన్నగటుక, పుంటికూర. బక్కమ్మ కొసరి కొసరి పెట్టింది. కడుపునిండ తిన్న."

అరుగుల మీద గోల లేచింది. మూలన నిలబడ్డ అతని తల్లి ఆండాళు కొంగు నోట్లో కుక్కుకుంది. రామచంద్రయ్య నిట్టూర్చి తీర్పు చెప్పాడు.

"ఆ ఇంటి పడుగు ఎవ్వలు పట్టొద్దు."

ఆ మాట చాలు. వీధిలో పడుగు నూలు సాచి గంజి పెట్టాలంటే ఇరుగుపొరుగు తలో చెయ్యి వేయాలి. ఆ చేతులు రాకపోతే మగ్గం మూలబడ్డట్టే, పొయ్యిలో పిల్లి పడుకున్నట్టే. వెంకటరాజం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. శారదమ్మ తిననేలేదని కూడా గమనించలేదు.

ఇక గెలుపు తనదే అనుకున్నాడు. గల్లీ ఓట్లు ఎటూ తనవే. ఏటా దసరాకు మాలవాడలో చీరలు పంచేది తానే కాబట్టి అక్కడ సగమైనా పడకపోవు.

గల్లీ ఓట్లు ఆయనకే పడ్డాయి. మాలవాడ నుంచి మాత్రం ఒక్కటంటే ఒక్కటి రాలేదు. అక్కడ మంచం పట్టిన ముసలివాళ్లను కూడా ఎత్తుకొచ్చి పరమేశ్వర్‌కు ఓటు వేయించారట.

డప్పులతో గెలుపు ఊరేగింపు ఆయన వాకిటి ముందుకే వచ్చింది. పరమేశ్వర్‌ను భుజాల మీద మోస్తున్నారు. మెడలో బంతిపూల దండలు, ముఖం మీద గులాలు. ఆ భుజాల మీద ఉండాల్సింది తను. ఆ దండలు పడాల్సింది తన మెడలో. చూడబుద్ధి కాదు, చూడకుండా ఉండబుద్ధీ కాదు. అంతలో ఊరేగింపు వెనక నడుస్తున్న బక్కమ్మ కనబడింది. ఇక ఆగలేకపోయాడు. గబగబా మెట్లు దిగి ఎదురెళ్లాడు.

"ఏమే బక్కమ్మా! ఏటేటా చీరలు పెట్టినోన్ని నేను. నన్ను కాదని, ఒక్క పూట గటుక తిన్నోనికి వాడవాడంత ఓట్లు గుద్దుతరా? ఓటుకు గదే ధర అని తెలిస్తె నేను రెండు పూటలు తింటుంటి గదనే!"

బక్కమ్మ నవ్వలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏడ తిన్నడు సావుకారీ? 'ఆకలైతాందవ్వా, ఇంత గటుక పెట్టు' అని పిల్లగాడు నోరు తెరిచి అడిగిండు. ముంతెడు నీళ్లు తాపి పంపిన. గా దినం నా ఇంట్ల పొయ్యే ఎలగలే."