తొమ్మిది పేర్లు

తడి గరిటె ఊరగాయ జాడీలో పెట్టింది ఎవరన్న దగ్గర మొదలైంది ఆ శనివారం గొడవ.

“నేను పెట్టలేదు,” అంది రూపశ్రీ.

“అయితే గరిటెకు కాళ్లొచ్చి అదే దూకిందా?” అంది అత్త పంకజాక్షి. “బీఏ చదివిన కోడలితో ఇదే తంటా. తప్పు ఎప్పుడూ ఎదుటోళ్లదే.”

“ఎవురిదో వాళ్లదే అంటా ఉండా అత్తా. లేనిది చెప్పను.”

రూపశ్రీ తీరే అంత. బియ్యంలో రాయి, మాటలో అబద్ధం ఆమె వేలికి ఇట్టే తగులుతాయని భర్త మునిశేఖర్ ఎగతాళి చేస్తుంటాడు. అతనికి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగం. సరదాకి జిల్లా పేపరుకు క్రికెట్ వార్తలు రాస్తాడు. ఆమె దిద్దందే ఒక్కటీ గడప దాటదు.

అంతలో గేటు చప్పుడైంది.

అరవై ఏళ్ల మనిషి. నలిగిన తెల్లచొక్కా, చంకలో గుడ్డసంచి.

“మునిశేఖర్ గారిల్లు ఇదేనామ్మా? గూడూరు నుంచి వచ్చినా. రేపట్నుంచి మీ చిత్తూరోళ్లతో ఆడే జట్టు తరఫున.”

“మేనేజరా?” అంటూ బయటికొచ్చాడు మునిశేఖర్.

“అట్లే అనుకోండి.”

ఏటా రెండూళ్ల జట్ల మధ్య మూడు మ్యాచ్‌ల సిరీస్ జరుగుతుంది. ముప్పై ఓవర్ల ఆట. ఈసారి చిత్తూరు వంతు.

పెద్దాయన సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాడు. గుండ్రటి అక్షరాలతో పదకొండు పేర్లు.

“ఇవి రేపు పేపర్లో రావాల. ఇది అడిగేదానికే పిల్లోళ్ల కన్నా ముందొచ్చినా.”

“మీరు తొమ్మిది మందే వస్తా ఉండారని విన్నానే!”

“తొమ్మిది మందే. పైన రాసిన ఇద్దరూ రాలేరు.”

“బాలచంద్ర, విజయ్ కుమార్... మీ ఓపెనర్లు గదా! మద్రాసు లీగోళ్లు ఎగరేసుకుపోయినారా ఏంది?” మునిశేఖర్ పకపకా నవ్వాడు.

పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. రూపశ్రీ తెచ్చిచ్చిన మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

“రానోళ్ల పేర్లు ఎందుకు పెద్దాయనా?” అంది రూపశ్రీ.

“వాళ్లు లేకుండా అది మా జట్టెట్లయితాదమ్మా? పేపరు కోసం ఇంటికాడ ఎదురు చూసేవాళ్లుండారు. పదకొండూ వెయ్యండి.”

మజ్జిగ సగమే తాగి వెళ్లిపోయాడు.

మునిశేఖర్ ఆయన అడిగినట్టే రాసి, ఫోను భార్య చేతికిచ్చాడు.

“రానోళ్లని వచ్చినట్టు రాస్తే రేపు గ్రౌండులో జనం నవ్వరా?” అంది ఆమె.

“పాపం, అంత దూరం నుంచి వచ్చి అడిగినాడు గదమే.”

“అడిగితే అబద్ధం రాసేస్తామా?”

రెండు పేర్లూ తీసేసింది. ఆ చోటు బోసిగా కనిపించింది. ‘కీలక ఆటగాళ్లిద్దరూ ముఖం చాటేయడంతో గూడూరు జట్టు ఆడకముందే డీలా పడింది’ అని ఒక వాక్యం చేర్చింది. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. భర్త వేళాకోళమే ఆధారం. వాక్యం మాత్రం చక్కగా కుదిరిందనిపించి పంపేసింది.

ఆదివారం తొమ్మిదికి మ్యాచ్. మునిశేఖర్ మధ్యాహ్నం భోజనాల వేళకే ఇల్లు చేరాడు. కాళ్లు కడుక్కొని కంచం ముందు కూర్చున్నాడు.

“అప్పుడే అయిపోయిందా? మనోళ్లేనా గెలిచింది?” అంది పంకజాక్షి.

“ఆడలేదుమా.”

“వానా లేదే!”

“పిల్లోళ్లు వ్యాన్ దిగతానే టీ అంగడి కాడ పేపరు కొనుక్కున్నారు. చదివి, కిట్లు మళ్లీ వ్యాన్లో ఏసేసినారు. ఒక్క బంతి కూడా ఆడకుండా ఎళ్లిపోయినారు.”

“రెండు పేర్లు లేవనా?” రూపశ్రీ గొంతులో ఇంకా విసుగే.

“నెల కిందట నాయుడుపేట కాడ నిమ్మకాయల లారీ బైకును గుద్దింది. ప్రాక్టీసు నుంచి ఇంటికి పోతా ఉండారంట. ఇద్దరూ ఆడికాడనే...”

అన్నం గిన్నె మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

“వాళ్ల కెప్టెన్ నువ్వు రాసిన మాట నాకే చదివి వినిపించినాడు. ‘మావోళ్లు ముఖం చాటేసినారా సార్?’ అని అడిగినాడు. తిట్టలేదు. తిట్టింటే బాగుండు.”

“ఆ పెద్దాయన?”

“పేపరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు, అంతే.”

“మనకేం తెలుసమ్మా? ఆయనైనా నోరు తెరిచి చెప్పొచ్చు గదా,” అంది పంకజాక్షి. కోడలి తరఫున ఆమె మాట్లాడటం చాలా అరుదు.

“చెప్పబోయినాడత్తా. మేము నవ్వినాము.”

ఆమె అన్నం గిన్నె పక్కకు జరిపింది.

“రేపు తెల్లారి బస్సుకే గూడూరు పోతా,” అంది రూపశ్రీ. “పదకొండు పేర్లూ మళ్లీ వేయిస్తా, వేయకుంటే ఈ ఇంట్లోంచి ఇంకో వార్త పోదు. కానీ ముందు ఆ మేనేజరు కాళ్లు పట్టుకోవాల.”

మునిశేఖర్ ముద్ద నోటిదాకా తీసుకుపోయి కంచంలోనే వదిలేశాడు.

“ఆ జట్టుకు మేనేజరే లేడంట. ఇంక బ్యాటు పట్టమని తొమ్మిది మందీ మొండికేస్తే, ఇంటింటికీ తిరిగి బతిమాలి వాళ్లను మళ్లీ ఆటకు లేపింది ఆ పెద్దాయనే... ఆ ఇద్దర్నీ కన్న నాయన.”