ప్లేటు లేని పాట

మూడో ప్లేటు సగంలో ఉండగా గ్రామఫోను ఆగిపోయింది.

పందిట్లో జనం కిటికీ వైపు తిరిగారు. కిటికీలోంచి బయటికి పెట్టిన ఇత్తడి బూర నోరు తెరుచుకుని ఊరికే ఉంది.

రామనర్సయ్య గదిలోకి పరుగెత్తాడు. ఆ గ్రామఫోను ఆయనదే. కోదాడ నుంచి ఊరూరికీ పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుతాడు. ఇవాళ మోతెలో లక్ష్మయ్య కూతురు పుష్ప పెళ్లి.

"ఏమైందే, ముత్తమ్మా?"

"తెల్వదయ్యా. పాడుకుంట పాడుకుంట ఆగింది."

ముత్తమ్మ పనిలో చేరి పది రోజులే. పెట్టె మోస్తుంది, తాళం తిప్పుతుంది. నెత్తిమీది కొంగు ముఖం మీదికి లాక్కుని ఉంటుంది. నీకెవరున్నారని అడిగితే ఎవరూ లేరంది. రామనర్సయ్య మళ్లీ అడగలేదు.

ఆయన తాళం తిప్పి చూశాడు. పట్టు లేకుండా గిర్రున తిరిగింది.

"స్ప్రింగు తెగింది. ఖతం."

లక్ష్మయ్య గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏం రామనర్సయ్యా, గిట్ల పరువు తీస్తివి? సన్నాయోళ్లను వద్దంటి. పాటలు పాడే ఆడోళ్లను వద్దంటి. పెట్టె ఉండంగ మనుషులెందుకంటివి గద! ఇప్పుడు పిల్లను పాట లేకుంట పంపాల్నా?"

ఆ మాట రామనర్సయ్య ప్రతి ఊళ్లోనూ అంటాడు. యంత్రానికి గొంతు బొంగురుపోదు. నిద్ర రాదు. బంతిలో కూర్చుని విస్తరి అడగదు. ఇంకో పదేళ్లకు పాడే మనిషే ఉండడంటాడు.

"సూర్యాపేటల నా దోస్తు కాడ స్ప్రింగున్నది. సైకిలిస్తే పొయ్యొస్త. అప్పగింతల యాల్లకు మీ పెట్టె పాడ్తది."

"పెట్టెకు కావలి నేనుంట" అంది ముత్తమ్మ.

"ఉండు. ఎవ్వర్నీ లోపటికి రానియ్యకు. బండిల తీసిన కూనిరాగాలు గీడ తియ్యకు, నవ్వుతరు."

ఆమె తల ఊపింది.

అది నలభై ఏడు వేసవి. దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్ల కోసం పోలీసులు దారులు కాస్తున్నారు. వచ్చేటప్పుడు రామనర్సయ్యను ఆపి, స్ప్రింగు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఇదేం ఆయుధమని గంటసేపు నిలబెట్టారు.

మోతె పొలిమేరకు వచ్చేసరికి పొద్దు వాలింది. పెళ్లికూతురి బండి ఎదురొచ్చింది.

రామనర్సయ్య సైకిలు దిగి తల దించుకున్నాడు. పాట లేకుండానే పిల్ల వెళ్లిపోతోంది.

బండి ఆగింది. పుష్ప పరదా తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"పెట్టె నీదేనంట గద. ఆఖరుకు పాడిన ప్లేటు నాకిస్తవా?"

"ఏ ప్లేటమ్మా?"

"సాగనంపే పాట. నాకు పాట మొత్తం ఎరికే. ఒక మాట పాడంగనే ఇంకో మాట నోటికొస్తున్నది. ఎప్పుడిన్ననో యాదికొస్త లేదు."

మగపెళ్లివారు తొందరపెట్టారు. బండి సాగిపోయింది.

పెళ్లింట్లో లక్ష్మయ్య ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"తెగిందని పరేషాన్ చేస్తివి గని, ఏం పాడిందయ్యా నీ పెట్టె! వాయిద్యం లేదు, వట్టి గొంతు. మగపెళ్లోళ్లు గూడ కండ్లు తుడుసుకున్నరు. నువ్వన్నది నిజమే. మనిషి గొంతు దీని ముంగట ఏడ నిలుస్తది?"

కొత్త స్ప్రింగు రామనర్సయ్య జేబులోనే ఉంది.

ఆయన గదిలోకి వెళ్లాడు. ముత్తమ్మ లేదు. ప్లేట్లన్నీ సంచిలో సర్ది ఉన్నాయి. పెట్టె తెరిచాడు. పాత స్ప్రింగు తెగలేదు. దాని కొక్కెం ఎవరో పదిలంగా విప్పి పక్కకు పెట్టారు.

బూర పెట్టె మీద లేదు. ఊడదీసి ఉన్న ఆ బూర కిటికీలోనే ఉంది. సన్నటి కొస గదిలోపలికి ఉంది. వేలితో తాకాడు. ఊపిరి తడి ఇంకా ఆరలేదు.

బయటికి ఉరికాడు. దొడ్డి వైపు చూశాడు, బాట వైపు చూశాడు. ఎక్కడా మనిషి జాడ లేదు.

గది గోడకు ఆనుకుని లక్ష్మయ్య తల్లి కొమురమ్మ కూర్చుని ఉంది. ఆమెకు చూపు పోయి చాలా ఏళ్లయింది.

"అవ్వా, నాతోని వచ్చినామె ఎటు పోయింది?"

"బండి కదిలినంక దొడ్డి తలుపు సప్పుడైంది. పిలుద్దామనుకున్న. ఏ మొకం పెట్టుకొని పిలవాలె?"

"ఆమె నీకు ఎరికేనా?"

ముసలామె గొంతు తగ్గించింది.

"మాకొక కోడలుండె. బెజవాడకు ప్లేటు కంపెనోళ్లు వస్తే, చెప్పకుంట పొయ్యి పాడొచ్చింది. ఇంటి ఆడదాని గొంతు బజారుల మోగుడేందని నా కొడుకు గెంటేసిండు. కాపురం చేసినన్నొద్దులు దాని పాట చెవినెయ్యలే. ఇయ్యాల మెచ్చుకుంటున్నడు."

రామనర్సయ్య ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"మరి పుష్ప?"

కొమురమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆయన మోచేయి పట్టుకుంది.

"రెండేండ్ల పిల్ల అప్పుడు. తల్లి సచ్చిపోయిందని దానికి మేమే చెప్పినం, బిడ్డా."