ఎత్తు లెక్క

“వదలవే లహరీ! అది గుండే, బాంబు కాదు!” కింద నుంచి సోనీ అరిచింది. ఏడో తరగతి మొత్తం గొల్లున నవ్వింది.

బడి పైవరండాలో పిట్టగోడ దగ్గర నిలబడ్డ లహరి నవ్వలేదు. నిమ్మకాయంత ఇనుప గుండును రెండు చేతులతో గుండెకు అదుముకుంది. సరిగ్గా కింద, నేల మీద తడి ఇసుక నింపిన తొట్టి ఉంది.

మెట్ల దగ్గర లహరి తల్లి శైలజ రొప్పుతూ ఆగింది. టీచర్ ఫోన్ చేయగానే చేతిలో పని ఉన్నదున్నట్టే వదిలి పరుగెత్తుకొచ్చింది.

“మూడు రోజులైందమ్మా,” అంది సైన్సు చెప్పే సునీత టీచర్. కోదాడ నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఈ బడికి వచ్చి రెండు నెలలే. “మోకాలెత్తు నుంచి వదిలింది, సెంటీమీటరు గుంట పడింది. నడుమెత్తు నుంచి వదిలింది, ఇంకా లోతు పడింది. అన్నీ తనే కొలిచి రాసింది. పైనుంచి వదలమంటే మాత్రం ఒకటే ఏడుపు. అన్నం కూడా ముట్టట్లేదు.”

“ఇంట్ల గూడ ముడ్తలేదు మేడం. నిన్న బువ్వ కలిపి నోట్లె పెడితే ఉమ్మేసింది.”

“ఇవాళ ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయింది.”

శైలజ పైన నిలబడ్డ కూతురి వైపు చూసింది. “అసలేం పాఠం మేడం అది?”

ఆమె చదువు ఎనిమిదో తరగతి మధ్యలోనే ఆగిపోయింది. పాఠాలన్నీ ఏనాడో మరుపున పడ్డాయి.

“ఎత్తున ఉన్న వస్తువులో శక్తి దాక్కుని ఉంటుంది. అది స్థితిశక్తి. వదిలేస్తే పడే కొద్దీ వేగం పుంజుకుంటుంది, అప్పుడది గతిశక్తి. ఎంత ఎత్తైతే అంత దెబ్బ. పిల్లలు చేత్తో చేసి చూస్తే మర్చిపోరని...”

“మర్సిపోలే మేడం. గదే వచ్చింది పరేషాన్.”

ఇద్దరూ పైకెక్కారు. పిట్టగోడ మీద లహరి నోటుపుస్తకం తెరిచి ఉంది. మోకాలెత్తు, నడుమెత్తు, తలెత్తు, వాటికెదురుగా గుంటల లోతు. ఆ కింద ఒక వరుస ఎవరూ చెప్పకుండా రాసుకుంది: తాటిచెట్టు, ముప్పై అయిదు అడుగులు. దాని ఎదుట గడి ఖాళీగా ఉంది.

టీచర్ ఆ వరుస చదివి నెమ్మదిగా తలెత్తింది. “మీది కల్లుగీతా? మీ ఆయన నిరుడు చెట్టు మీంచి పడ్డాడని పిల్లలు చెప్పారు. మళ్ళీ ఎక్కుతున్నాడా?”

లహరి ఏదో అనబోయింది. శైలజ కళ్ళతోనే ఆపింది.

“ఇంట్ల నలుగురం తినాలె గద మేడం.”

“తినడానికి మనిషి ఉండాలి కదమ్మా. మగవాళ్ళు మన మాట వినరనుకుంటాం గానీ, గట్టిగా చెప్తే వింటారు.”

“సెప్త మేడం,” అంటూ తల దించుకుంది శైలజ. కూతురి దగ్గరకు వెళ్లి చెంగుతో ముఖం తుడిచింది. పిల్ల చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. “ఇగ చాలు బిడ్డ. గుండు ఇడిసిపెట్టి బువ్వ తిను. నీ కాళ్లు మొక్కుత.”

“చెట్లు బంద్ అను, తింట.”

“బంద్.”

“గట్ల కాదు. ఎన్నిసార్లు అన్నవ్! రేపు బంద్, ఎల్లుండి బంద్. నా తల మీద చెయ్యి వెట్టి అను.”

“తల మీద వద్దే. ఇంటికి వోయినంక దేవుని పటం మీద చెయ్యేస్త.”

“తల మీదనే. పత్తి ఏరనీకె నేను గూడ వస్తనే అమ్మా. గంజి తాగి బతుకుదాం.”

శైలజ చెయ్యి గాలిలో ఆగింది. టీచర్ చూస్తోంది. కింద పిల్లలు చూస్తున్నారు. నూనె రాయని ఆ జుట్టు మీద అరచెయ్యి ఆనించింది.

“చెట్లు బంద్. నీ మీద ఒట్టు.”

లహరి తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చేతులు చాచి గుండు వదిలింది.

ధబ్బుమంది. తడి ఇసుక ఎగిరి ముందు వరుసలో వాళ్ళ ముఖాల మీద పడింది. పిల్లలు ఈలలు వేశారు. లహరి మెట్లు దూకుతూ దిగి గుంటలో స్కేలు దించింది. “మేడం, నాలుగున్నర!” అని మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

మధ్యాహ్నం గంట కొట్టగానే రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. “మెల్లగ తినవే! బువ్వ గంజు గూడ మింగుతవా ఏంది?” అంది వంట చేసే సత్తమ్మ. శైలజ స్తంభం చాటున నిలబడి, ఆఖరి ముద్ద దాకా చూసింది.

“ఈ సాయంత్రమే మాట్లాడండి మీ ఆయనతో,” అంది గేటు దగ్గర టీచర్.

శైలజ తలూపింది.

మూడున్నర కల్లా తాటివనంలో కల్లుకు వచ్చినవాళ్ళు నీడన చేరి కబుర్లలో పడ్డారు. శైలజ భర్త కొండల్ చేతికర్ర పక్కన పెట్టి, చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు.

“పిల్ల తిన్నదా?”

“తిన్నది.”

“ఏం జేస్తె తిన్నది?”

శైలజ చెంగు నడుముకు చుట్టుకుంది. ఒకసారి బడివైపు చూసి, “బడి ఇడిసేలోపట అయిపోవాలె,” అంది.

గోచి బిగించి చెట్టెక్కింది.