చెప్పనివాళ్లకే బటానీలు

వినోద బడి నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది.

"ఎవలు కొట్టిండ్రే?" అక్క ప్రేమలత కంగారుగా అడిగింది.

"ఎవ్వలు కొట్టలే. బటానీల ఖమరవ్వ అందరికి పెట్టింది. నాకు పెట్టలే."

"నువ్వేం జేసినవ్?"

"ఎవలి బిడ్డవే అని అడిగింది. మంచిగనే చెప్పిన. సంజీవ బిడ్డను, మా ఇల్లు రైలు గేటు కాడ, బాపు మానుకోట మిల్లుకు పోతడు, అమ్మ నాట్లకు పోయింది, అవ్వ పగలంత పంటది అని."

"నేనెప్పుడు పన్ననే?" మంచం మీద నుంచి నాయనమ్మ లచ్చమ్మ అరిచింది.

గార్ల ఊళ్లో ఎవరు "ఎవలి బిడ్డవే?" అని అడిగినా పిల్లలు నిలబడి ఇంటి సంగతులన్నీ చెప్పాలి. అలా చెబితేనే బుద్ధిమంతులు. రెండో తరగతి వినోద అందరికన్నా బుద్ధిమంతురాలు. కాళ్లకున్న వెండి కడాలు ఎవరు చేయించారో కూడా అడక్కుండానే చెప్పేది.

మరునాడు ప్రేమలత చెల్లెలి బడికి వెళ్లింది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే ఆమెకు బెరుకు. అయినా చెల్లెలి కోసం వెళ్లింది.

మానుకోట నుంచి పొద్దుటి ప్యాసింజరులో వచ్చే బటానీల ఖమర్ బీ గోడ వారగా గంప పెట్టుకుని కూర్చుంది. కొంగు చెవుల మీదికి కప్పుకుని ఉంది.

"మా చెల్లెకెందుకు పెట్టలే అవ్వా?" నేల చూస్తూ అడిగింది ప్రేమలత.

"అన్ని చెప్పింది గదా, అందుకే పెట్టలే. చెప్పనోళ్లకే పెడ్త. నేనెవలో ఎరుకనా దానికి?"

ఖమర్ బీ వినోదను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఎరుకలేనోళ్లు ఎవలడిగినా, మా అమ్మనడుగు అనాలె. ఇంటికి పోంగనే, గిట్ల ఒకలు అడిగిండ్రని అమ్మకు చెప్పాలె. తోలుకపోతానికి వస్తే, మీ ఇంటోళ్లకే ఎరుకున్న మాట ఒకటి అడగాలె. సమజైందా?"

"మా ఇంట్ల గసొంటి మాటున్నది! మా బర్రెకు..."

"మల్ల నాకే చెప్తున్నవా?"

వినోద రెండు చేతులతో నోరు మూసుకుంది. ఖమర్ బీ పకపకా నవ్వి దోసిలి నిండా బటానీలు పోసింది. నవ్వులో కొంగు జారింది. ఆమె చెవి తమ్మెలు రెండూ కిందికి చీలి ఉన్నాయి.

"నీ చెవులు గట్లెందుకు తెగినయ్ అవ్వా?"

"మా అమ్మనడుగు," అంది ఖమర్ బీ.

అక్కాచెల్లెళ్లు ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చారు.

నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఓట్లు అడగడానికి పెద్దమనిషి భూపాల్ వాడకు వచ్చాడు. అందరి ముందూ ముద్దుగా వినోద బుగ్గ గిల్లాడు.

"ఎవలి బిడ్డవే?"

"నువ్వెవలు? మా అమ్మనడుగు."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. భూపాల్ మొహం మాడిపోయింది. లచ్చమ్మకు తల కొట్టేసినట్టయింది.

ఆ మాట ఎవరు నేర్పారో వినోదను అడిగి, తిన్నగా బడి దగ్గరకు పోయి ఖమర్ బీ గంప తన్నింది.

"పెద్దోళ్లకు ఎదురు మాట్లాడుడు నేర్పుతవా పిల్లలకు? అసలు నువ్వెవలి బిడ్డవే?"

ఖమర్ బీ మట్టిలోని బటానీలు ఏరుకుని స్టేషన్ వైపు వెళ్లిపోయింది.

మళ్లీ గార్లకు రాలేదు.

మక్కకంకులు పాలుపట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఎవరో మనిషి బడి బయట వినోదను ఆపాడు.

"సంజీవ బిడ్డవు గదా? మీ బాపుకు మిల్లుల దెబ్బ తాకింది. మానుకోట దవాఖానల ఉన్నడు. మీ అమ్మ నిన్ను తోలుకరమ్మన్నది. జల్ది పా, రైలొస్తది."

బాపు అనగానే వినోదకు ఏడుపొచ్చింది. రెండడుగులు వేసి ఆగింది.

"మా బర్రె పేరేంది?"

"బర్రెకు పేరేందే? నడువు!"

చెయ్యి పట్టుకోబోయాడు. వినోద ఆ చేతిని కసుక్కున కొరికి, బడిలోకి ఉరికి, పంతులు కాళ్లను చుట్టేసుకుంది.

సంజీవకు ఏ దెబ్బా తగల్లేదు. రెండు రోజులకు ఆ మనిషి డోర్నకల్‌లో పట్టుబడ్డాడు. అతని సంచిలో చిన్నపిల్లల వెండి పట్టీలు దొరికాయి.

ఆ రాత్రి లచ్చమ్మ అన్నం ముట్టలేదు. తెల్లారగానే మక్కగారెలు చేసి మూట కట్టింది. మనవరాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని మానుకోట రైలెక్కింది.

స్టేషన్ ముందర చాయ్ కొట్టు నబీసాబ్‌ది. ఖమర్ బీ ఆయన ఇంట్లోనే ఉంటుందని ఎవరో చెప్పారు. ముసలాయన వినోదను చూసి నవ్వాడు.

"ఎవలి బిడ్డవే?"

వినోద జవాబు చెప్పకుండా లచ్చమ్మ మొహం చూసింది.

"షాబాష్!" సీసాలోంచి బటానీలు తీసి వినోద చేతిలో పోశాడు. "చెప్పని పిల్లలకే పెట్టుమని మా ఖమర్ చెప్పిపోయింది."

"యాడికి పోయింది సాయబూ?"

"పోయిన నెల జరమొచ్చి సచ్చిపోయిందమ్మా."

లచ్చమ్మ చేతిలో మూట అలాగే ఉండిపోయింది.

"మీ బిడ్డనా తాతా?" మెల్లగా అడిగింది ప్రేమలత.

"నేను సాదుకున్న బిడ్డ. నీ చెల్లెంత ఉన్నప్పుడు గీ ప్లాట్‌ఫారం మీద దొరికింది. చెవుల కమ్మలు గుంజుకొని ఎవలో ఇడిసిపెట్టి పోయిండ్రు. ఎవలి బిడ్డవే అని అడిగిన. ఒకనికి అన్ని చెప్పి మోసపోయిన్నని తర్వాత తనే చెప్పింది. గా బుగులుకు ఏడాదిదాక నోరు తెరవలే. తెరిచేటాలకు అమ్మ పేరు, ఊరి పేరు యాది మరిచింది."

కనిపించిన ప్రతి పిల్లనూ "ఎవలి బిడ్డవే?" అని అడిగిన ఖమర్ బీకి, తాను ఎవరి బిడ్డో చివరిదాకా తెలియలేదు.