మంచాల రాస్తారోకో

రాజలింగం మందు పంపు భుజానికి ఏసుకున్నడో లేదో, అరుగు మీద కూసున్న ముసలాయన లేచి అచ్చి పంపు పట్టుకున్నడు.

"ఏం మందు కొడుకా అది?"

"పత్తి చేనుకు కొట్టేది. నడుమ నువ్వెవలయ్యా?"

"పసిపిల్ల పండే అర్రల కొడుతవా?"

"కొట్టి తలుపేస్త. గడియసేపు అయినంక పండవెడుత. నల్లులు సావాలెనా, వద్దా?"

ముసలాయన పంపు ఇడువలే.

సిరిసిల్లల నేతగాండ్ల వాడ అది. సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు లేవు. కరెంటు లేక బట్ట నేసే సాంచాలు బందయినయి. బందు కానిది ఒక్క నల్లులే.

రాజలింగం బిడ్డ వనిత పురుటికి అచ్చింది. కాన్పయి పదిహేను రోజులు. పసిపిల్ల పెయ్యంత ఎర్రటి దద్దులు. పాలు తాగది, కన్ను మూయది, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురు పోయింది.

"గీ నల్లుల కొంపల నేనుండ. నడిచన్న కోరుట్ల పోత, మా అత్తగారింటికి" అన్నది వనిత పొద్దుగాలనే.

పచ్చి బాలెంత కోరుట్ల దాక నడుస్తదా? తల్లి రాజవ్వ మొగని ఎంట పడ్డది. ఆమె పోరు పడలేకనే రాజలింగం తంగళ్ళపల్లి పోయి, సుట్టాలను అడిగి మందు తెచ్చిండు.

ముసలాయనకు మంచినీళ్లు ఇచ్చింది సుత రాజవ్వనే. మాసిన గడ్డం, మెడల కండువ, దుమ్ము కొట్టుకపోయిన కాళ్లు. ఎములాడ రాజన్నకు మొక్కున్నదేమో, నడిచి పోయి అస్తున్నడు కావచ్చు అనుకున్నది.

"మందు వద్దు. మసిలే నీళ్లు పోస్తె చాలు" అన్నడాయన.

"చెప్పినవు తీ. గ్యాసు ఒడిసి వారమాయె. బువ్వకే దిక్కులేదు, నల్లులకు నీళ్లు కాగవెట్టాల్నా?" అన్నడు రాజలింగం.

ముసలాయన చౌరస్తా దిక్కు చూసిండు.

ఆడ వంటావార్పు నడుస్తున్నది. ఉద్యమం పోరగాండ్లు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వాడందరికీ వండుతున్నరు. పెద్ద పెద్ద గంజులల్ల ఎసరు మసులుతున్నది.

"మంచాలు అటు మోయుండ్రి" అన్నడు.

రాజలింగం గులుగుతనే ఉన్నడు. రాజవ్వ మాత్రం మంచం నెత్తికెత్తుకొని నడిచింది.

ఆమెను చూసి పక్కింటామె ఎల్లింది. ఆ తర్వాత ఎదురింటోళ్లు. ఇంటింట నల్లులేనాయె. చెప్పుకుంటె ఇజ్జతి పోతదని ఇన్నాళ్లు ఎవలకు వాళ్లు గీక్కున్నరు. చూస్తుండంగనే ఇరవై మంచాలు రోడ్డెక్కినయి.

జేఏసీ నాయకుడు బాలకిషన్ ఉరికచ్చిండు. "ఇదేందే రాజవ్వ?"

"మంచాల రాస్తారోకో."

బాలకిషన్ నవ్విండు. "గట్లయితె ఇంకో రెండు గంజులు ఎక్కియ్యుండ్రి."

బందోబస్తుకచ్చిన పోలీసాయన తన ప్యాంటు దులుపుకుంట నాలుగడుగులు ఎనకకు జరిగిండు.

ముసలాయన నవారు ఇప్పి మసిలే నీళ్లల్ల ఏసిండు. మంచం కోళ్ల సందులల్ల చెంబుతోని పోసిండు. బొంతలు, బట్టలు ఉడుకవెట్టి ఎండకేసిండు. రాజలింగంతోని అర్ర గోడల పగుళ్లకు సున్నం పెట్టిచ్చిండు. చేతులు బొబ్బలెక్కినా కూసోలే.

పొద్దు గూకే యాళ్లకు రాజవ్వ పసిపిల్లను తెచ్చి ఆయన ముందట పట్టింది.

"ఎత్తుకోని దీవించు పెద్దయ్యా."

ఆయన రెండు చేతులు ఎనకకు పెట్టుకున్నడు. "వద్దవ్వా."

రాజవ్వకు మనసుల కలుక్కుమన్నది. అయినా తప్పువట్టలే. మొక్కు మీద ఉన్న మనిషి, పురుటి అంటు ముట్టడు అనుకున్నది.

"మీదేవూరు?"

"ముత్యంపేట" అనుకుంట పోయిండు.

పసిపిల్ల తెల్లారెదాక మెదలలే. వనిత గుర్రు వెట్టింది. బిడ్డ గుర్రు ఇనుకుంట రాజవ్వ, పోయినాయన కడుపు సల్లగుండాలెనని నూరుపాలన్న అనుకున్నది. రాజలింగం మందు, పంపు మర్నాడే తంగళ్ళపల్లిల అప్పజెప్పి అచ్చిండు.

ఎనిమిదో నాడు ముసలాయన మళ్ల అచ్చిండు.

"గుడ్లు పగిలి పిల్లలయితయవ్వా. ఇంకోపాలి పొయ్యాలె."

"గిందుకోసమే మళ్ల నడిచచ్చినవా?" రాజలింగం నోరెళ్లవెట్టిండు. ఈసారి మంచం తనే మోసిండు.

పని ఒడిసినంక బుక్కెడు తిని పొమ్మంటె తినలే. పసిపిల్ల ఊపిరి తీసుకుంటుంటె వాకిట్ల నిలబడి చూసి, పోయిండు.

సమ్మె ఒడిసింది. బస్సులు తిరిగినయి. వనితను కోరుట్లకు పంపేటప్పుడు రాజవ్వ కొత్త ధోతి, కండువ కొన్నది. "ముందుగాల ముత్యంపేట పోదాం. ఆయన కాళ్లు మొక్కంది నా మనసు కుదుటపడదు" అన్నది.

ముత్యంపేటల చాయ్ హోటలాయనను అడిగింది. "గడ్డం పెద్దయ్య, ఎములాడకు నడుస్తడు, మొక్కున్నది. ఇల్లేడ?"

"ఎములాడ మొక్కా?" అని హోటలాయన నవ్విండు. "నువ్వు చెప్పేది ఏసయ్య లెక్కున్నది. చర్చికి పోయేటోడు. గదే ఇల్లు."

ఇంట్ల ఏసయ్య లేడు. పెండ్లాం ఉన్నది. బట్టలు అందుకొని ఒళ్ళె పెట్టుకున్నది.

"ఇంటిపట్టున ఉండడవ్వా. పురుడైన ఇంట్ల నల్లులున్నయని చెవిల పడితె చాలు, ఎంత దూరమన్న పోతడు."

"ఏ తల్లి కన్నదో, దేవుడసొంటి మనిషి. మా మనుమరాలిని కాపాడిండు" అన్నది రాజవ్వ కండ్లు తుడుసుకుంట.

ఏసయ్య పెండ్లాం, వనిత సంకల పండుకున్న పసిపిల్లను శానసేపు చూసింది.

"మాకు సుత ఒక మనుమరాలుండె. మూడేండ్ల కింద నల్లులని అర్రల పత్తి మందు కొట్టి, ఆ పసిదాన్ని చేతులార పోగొట్టుకున్నది గాయననే, అవ్వా."