రెండో గీత

"ఇంకోటి ఇయ్యి బావూ."

నరసింగరావు సొరుగు మీంచి చెయ్యి తియ్యలేదు. మందుల షాపు కౌంటరుకి కట్టిన ప్లాస్టిక్ పరదా అవతల వేంకటాచలం నిలబడి ఉన్నాడు. మాస్కు గడ్డం కిందకి జారిపోయి ఉంది.

"ముందు ఆ మాస్కు పైకి లాగు. మొన్న అట్టుకెళ్ళిన కరోనా కిట్టు ఏటి సేసినావు?"

"సేసుకున్నాను."

"ఏటొచ్చింది?"

"ఒక్క గీతే."

"ఒక్క గీతంటే రోగం నేదని. సుబ్బరంగా ఇంటికెళ్ళి పడుకో. మళ్ళీ ఎందుకు?"

వేంకటాచలం పరదాకి ముక్కు ఆనేంత దగ్గరకి వచ్చాడు. "కిట్టు మంచిదేనా బావూ? రోగం ఉన్నా లేదని సూపిస్తాదంట కదా ఒక్కోపాలి."

నరసింగరావుకి ఒళ్ళు మండింది. సరుకు మంచిదేనా అని అడిగేవాడికి అరసవల్లిలో ఇంకో షాపులో ఆ సరుకు దొరుకుతుందేమో చూసుకోమనాలి. విశాఖపట్నం నుంచి నాలుగు పెట్టెలు రావడమే గగనంగా ఉంది. అందుకే పెట్టె మీద రెండు వందల యాభై అని ఉన్నచోట తన షాపు స్టిక్కరు అంటించి నాలుగు వందలకి అమ్ముతున్నాడు. ఆ ధర విని కారుల్లో వచ్చినవాళ్ళే గొణుక్కుంటూ వెళ్తున్నారు. వేంకటాచలం మాత్రం బేరమాడడు. పెళ్ళిళ్ళు లేవు, గుడి మూశారు. డోలు వాయించుకు బతికేవాడికి రోజు విడిచి రోజు కిట్టు కొనే డబ్బు ఎక్కడిది?

'నా దగ్గర కొని లాడ్జీల్లో ఇంకా ఎక్కువకి అమ్ముకుంటున్నాడు' అనుకున్నాడు.

అమ్ముకుంటే అమ్ముకున్నాడు, పట్టుబడితే తన పేరు చెబుతాడు. అదీ భయం. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నరసింగరావుకి మందుల షాపు పెట్టే అర్హత లేదు. రమేష్‌బాబు అనే ఫార్మసిస్టు సర్టిఫికెట్టు అద్దెకి తెచ్చి గోడకి తగిలించాడు. "ఒక్క కంప్లయింటు వచ్చినా నా కాయితం నేను అట్టుకుపోతాను" అని రమేష్‌బాబు ఫోన్లో తెగేసి చెప్పాడు. గోడ మీద ఆ కాయితం లేకపోతే షట్టరు దించుకుని అడుక్కుతినడమే.

"మీ ప్రసూనాంబ గారు కనబడ్డం నేదేటి?" అని ఆరా తీశాడు.

"టవున్లో ఉన్నాది."

"ఎప్పుడొస్తాది?"

"సెప్పలేం బావూ." వేంకటాచలం చూపు తిప్పుకున్నాడు.

పెళ్ళాన్ని కూడా దాచేశాడంటే ఏదో ఉంది. అయినా చేతికందే నాలుగు వందలు వదలలేక నరసింగరావు కిట్టు ఇచ్చేశాడు.

సాయంత్రం ఎదురుగా ఉన్న టీ బడ్డీకి వెళ్ళాడు. బడ్డీ నడిపే రాజకుమారిది వేంకటాచలం పక్క వాటా.

"మీ డోలాయన నా కిట్లు బ్లాకులో అమ్మతన్నాడేటి?"

"ఆడా! అమ్మడం సేతనైతే ఇలగెందుకుంతాడు? సేసుకున్నవన్నీ మా వాకిట్లో సెత్తబుట్టలోనే పడేస్తన్నాడు. అన్నీ ఒంటిగీతవే."

"మరి డబ్బులెక్కడివి?"

"డోలు అమ్మేసినాడు."

నరసింగరావు గ్లాసు దించాడు. "కూడు పెట్టిన డోలా?"

"ఇంకోటి ఇను. లాడ్జి మేడ మీద జొరం మనిసికి టీ అట్టుకెళ్ళడానికి నేను బయపడితే, 'ఇలగియ్యి' అని ఈడు అట్టుకెళ్ళినాడు. ఆడి పక్కన కూకుని కబుర్లాడి మరీ వచ్చినాడు. మాస్కేమో జేబులో ఉన్నాది!"

"పిచ్చెక్కిందేటి?"

"ఏమో. ప్రసూనమ్మ సంగతి అడిగితే నోరిప్పడు. ఈడు పెళ్ళికి వాయించడానికి ఊరెళ్తే ఒక్కర్తీ పడుకోనేక నా పక్కన సాపేసుకునే మనిసి. ఇన్ని రాత్రులు ఎక్కడ పడుకుంతన్నాదో!"

నరసింగరావు బుర్రలో దీపం వెలిగింది. కరోనా పాలసీ! రోగం తేలితే లక్షలిస్తారని పేపర్లో ప్రకటన చూశాడు. డోలు అమ్మి పాలసీ కట్టాడు. పెళ్ళాన్ని దూరంగా దాటించాడు. రోగం అంటించుకోవడానికి తిరుగుతున్నాడు. రేపు కంపెనీవాళ్ళు ఎంక్వైరీకి వచ్చి కిట్టు ఎవరమ్మారంటే? ఆ దొంగ నవ్వుకుంటూ లక్షలు లెక్కపెట్టుకుంటాడు, తను షాపు పోగొట్టుకుంటాడు.

మళ్ళీ కిట్టు కోసం వచ్చేసరికి వేంకటాచలం దగ్గుతున్నాడు. భుజానికి గుడ్డసంచీ ఉంది.

"ఒళ్ళు కాలిపోతన్నాది బావూ. ఇంకోటి." ఆ గొంతులో సంతోషం విని నరసింగరావు రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేవు. అయిపోనాయి."

"ఒక్కటి బావూ. కాళ్ళట్టుకుంతాను."

"ఆరొందలు. నా ఎదటే సెయ్యాలి. వీడియో తీస్తాను. రేపేదైనా వస్తే నీ మీదకే పోవాల."

"తీసుకో బావూ."

వేంకటాచలం డబ్బిచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. పుల్ల ముక్కులో తిప్పుకుని, మందునీళ్ళలో ముంచి, చుక్కలు వేశాడు. ఫోను పట్టుకుని నరసింగరావు దూరంగా నిలబడ్డాడు.

మొదటి గీత వచ్చింది. చాలాసేపటికి దాని కింద ఎర్రగా రెండోది తేలింది.

మూడు ముళ్ళు పడగానే గట్టిమేళం అందుకునేవాడిలా వేంకటాచలం మొహం వెలిగిపోయింది. కిట్టుని జేబురుమాల్లో చుట్టి సంచీలో పెట్టాడు. సంచీలో కొబ్బరినూనె సీసా, ఆడమనిషి దువ్వెన కనిపించాయి.

"రోగమొస్తే నవ్వుతావేటయ్యా! పాలసీ ఎంతకి కట్టినావు?"

"పాలసీ ఏటి బావూ?"

"నాకు తెల్దనుకోకు. ఆ సంచీ ఏటి? ఎక్కడికి పారిపోతన్నావు?"

"పెద్దాసుపత్రికి."

"జనం ఆ గేటు పేరు సెప్తేనే సస్తన్నారు. నువ్వు పండక్కెళ్ళినట్టు ఎల్తన్నావు!"

వేంకటాచలం ఇన్నాళ్ళకి మాస్కు సరిగ్గా పైకి లాక్కున్నాడు.

"మా ప్రసూన ఉన్న వార్డులోకి రోగం లేనోడిని రానీరు బావూ."