నీటితిత్తి

"మా మావకి మాత్తరం సెప్పకండి మేడమ్‌గోరూ. మీకు దన్నమెడతాను."

నర్సీపట్నంలోని ఆ స్కానింగ్ సెంటర్ లోపలి గదిలో డాక్టర్ రోజారమణి తెర మీది నుంచి చూపు తిప్పింది. ఎదురుగా నూకరత్నం రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. పెళ్ళయి నాలుగు నెలలు. కాలి మెట్టెలు ఇంకా తళతళలాడుతున్నాయి. ఆమె భర్త సత్తిరాజు బయట బల్ల మీద, ఆమె విప్పిన చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పకపోతే ఎలాగమ్మా? ఇది క్యాన్సర్ కాదు. మొదట నేనూ అదే అనుకుని భయపడ్డాను. ఇటు చూడు."

తెర మీద సత్తిరాజు కాలేయంలో గుండ్రని తిత్తి. దాని లోపల మళ్ళీ ద్రాక్షపళ్ళలాంటి చిన్న చిన్న తిత్తులు.

"మీ ఇంట్లో కుక్కలున్నాయా?"

"గొర్రిల మందకి కాపలా రొండున్నాయండి. ఆటిని ముద్దులెడతానే ఉంటాడు. నాకన్నా ఆటికే ఎక్కువ." అనేసి నూకరత్నం నాలిక్కరుచుకుంది.

డాక్టర్ నవ్వలేదు. "కుక్కల నుంచి వచ్చే పురుగు ఇలా నీటితిత్తి కట్టుకుంటుంది. అరుదుగా కనబడే జబ్బు. పగలకుండా తీసేస్తే మనిషి మళ్ళీ మామూలే. లోపల పగిలిందంటే మాత్రం ఆ నీళ్ళు ఒంటికి విషం. నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. ఇవాళే విశాఖపట్నం తీసుకెళ్ళు. బరువులెత్తనివ్వకు. ఈ మాట అతనికీ తెలియాలి."

"ఆపరేసనంటే అడివెక్కీసి మరి దిగడండి. అక్కడ మంచమ్మీద పడుకోబెట్టీసినాక నేనే సెప్తాను."

"ఈలోపల అడిగితే ఏమంటావు?"

"ఏదో ఒకటండి. బయం లేనిది."

ఆమె బయటికి రాగానే సత్తిరాజు లేచి నిలబడ్డాడు. చెప్పులు చేతిలోనే ఉన్నాయి.

"ఏటన్నారే? గడ్డేనా?"

"గడ్డా లేదు, గిడ్డా లేదు. బరువులెత్తీసి బొడ్డు జారిందంట. అంతే."

సత్తిరాజు ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "బొడ్డా? దానికేటే నెల్లాల్లుగా నాకు తిండి లేకుండా సేసినావు? నేను పోతే కుక్కల్ని ఎవులికి అప్పసెప్పాలో కూడా ఆలోసించీసుకున్నాను."

"కుక్కల్నా? మరి నన్నో?"

"నిన్నెవులు తీసుకుంటారే?"

నెల రోజుల తర్వాత నూకరత్నం మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే అతని భుజాన ఉన్న సంచీ లాక్కుని తన భుజానికి తగిలించుకుంది.

"వైజాగ్‌లో మంచి మందిత్తారంట. ఇప్పుడే బస్సెక్కీద్దుం. నేను కాయితాలు అట్టుకొత్తాను. నువ్వు ఏటీ ఎత్తకు. ఇక్కడే కూకో."

"బొడ్డు జారితే వైజాగేటే?"

"సెప్పిన మాట ఇను మావా."

ఫిల్ము తయారవ్వాలి, ఉత్తరం మీద డాక్టర్ సంతకం పడాలి. కౌంటరు దగ్గర ఆమె ముందు ఎనిమిది మంది ఉన్నారు. విశాఖపట్నంలో ఎవరిని కలవాలో రోజారమణి స్వయంగా ఫోన్ చేసి కనుక్కుని కాగితం మీద రాసిచ్చింది. అంతా అయ్యేసరికి ముప్పావుగంట పట్టింది.

నూకరత్నం వచ్చి చూస్తే బల్ల ఖాళీ. కింద ఆమె చెప్పులు మాత్రం జతగా ఉన్నాయి.

అడవెక్కేశాడనే అనుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. అడవి వైపు వెళ్ళే కృష్ణదేవిపేట ఆటోలన్నీ ఒక్కొక్కటే వంగి చూసింది. అంతలో మార్కెట్ వైపు నుంచి సత్తిరాజు చేతిలో వేడి బజ్జీల పొట్లంతో హుషారుగా నడిచొస్తూ కనిపించాడు. చొక్కా పొట్ట దగ్గర నూనె మరకలు. రెండో చేత్తో మెడ గోక్కుంటున్నాడు. మెడ మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు లేచి ఉన్నాయి.

"ఎక్కడికెల్లిపోయినావు మావా?"

"ఇదిగో, నీకనే తెచ్చేను, తిను. వైజాగూ వద్దు, ఏటీ వద్దు. మార్కెట్టెనకాల సందులో సీతాలమ్మ లేదూ, బొడ్డు జారినోల్లకి పొట్ట తోమీది? ఆముదం రాసి, రొండు పిడికిల్లూ ఎట్టి గట్టిగా తోమీసింది."

నూకరత్నం అతని చొక్కా పైకెత్తి పొట్ట చూసింది. "నొప్పెట్టలేదా?"

"కూసింత. లోపల టప్పుమని సప్పుడైంది. అదిగో, బొడ్డు సోటుకొచ్చీసింది పో అంది."